మంట ఆరాక మొదలయ్యే ప్రయాణం: వాతావరణ ఉపగ్రహం కక్ష్యలో కుదురుకునే తీరు

2016 నవంబరు 19 సాయంత్రం ఫ్లోరిడాలోని కేప్ కెనావెరల్ నుంచి అట్లాస్-5 రాకెట్ ఒక వాతావరణ ఉపగ్రహాన్ని మోసుకుని లేచింది. ఆ తర్వాత దానికి గోస్-16 అని పేరు పెట్టారు. కొన్ని గంటల్లోనే రాకెట్ వంతు ముగిసింది. కానీ ఆ ఉపగ్రహం భూమి తొలి చిత్రాన్ని తీసింది 2017 జనవరి 15న. మధ్యలో 57 రోజులు గడిచాయి. అధికారికంగా విధుల్లోకి రావడానికి మరో పదకొండు నెలలు పట్టింది.

ప్రయోగం అనగానే అందరికీ నిప్పులు చిమ్ముతూ లేచే రాకెటే గుర్తుకొస్తుంది. ఆ దృశ్యం గొప్పదే, అందులో సందేహం లేదు. అయితే వాతావరణ ఉపగ్రహం విషయంలో అసలు పని మంట ఆరిపోయాకే మొదలవుతుంది. దాని లోపల గోరంత పరిమాణంలో ఉండే ఒక పరారుణ గ్రాహకం బాగా చల్లబడాలి, దాని మీద మురికి చేరకూడదు, అది కదలకుండా భూమి వైపు చూడగలగాలి. ఏ కక్ష్య, ఏ రాకెట్, ఏ వేళ, ఎంత ఇంధనం అన్న ప్రశ్నలన్నింటికీ జవాబులు ఆ చిన్న ముక్క అవసరాల నుంచే పుడతాయి. ప్రయోగాన్ని చివరి నుంచి మొదటికి చదివితేనే అది సరిగ్గా అర్థమవుతుంది.

ఆ గ్రాహకానికి చలి ఎందుకు? మామూలు కెమెరా పగలు మాత్రమే మబ్బులను చూడగలదు. తుపాన్లు చీకటి పడిందని ఆగవు. అందుకే వాతావరణ శాస్త్రవేత్తలు పరారుణ కిరణాల మీద ఆధారపడతారు. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి ఈ కిరణాలను వెదజల్లుతూనే ఉంటుంది. మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉంటే అది అంత ఎత్తుకు పెరిగిందని లెక్క. ఉరుములతో విరుచుకుపడే క్యుములోనింబస్ మేఘాల పైభాగం మైనస్ 70, మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబడుతుంది. అంత చల్లని వస్తువు నుంచి వచ్చే కిరణాలు చాలా బలహీనంగా ఉంటాయి. గ్రాహకమే వెచ్చగా ఉంటే దాని సొంత వేడిలో ఆ సంకేతం మునిగిపోతుంది. వెలిగే దివిటీని కళ్లెదుట పట్టుకుని దూరాన ఉన్న మిణుగురును వెతికినట్టు ఉంటుంది. అందుకే ఈ గ్రాహకాలను సుమారు మైనస్ 170 డిగ్రీల స్థాయికి, కొన్నింటిని అంతకంటే ఇంకా కిందికి, చల్లబరచి ఉంచుతారు.

తొలి రోజుల్లో ఇంత ఏర్పాటు లేదు. 1960 ఏప్రిల్ 1న థోర్-ఏబుల్ రాకెట్‌పై వెళ్లిన టైరోస్-1 బరువు సుమారు 120 కిలోలు. అందులో రెండు టీవీ కెమెరాలు ఉండేవి. బొంగరంలా తిరుగుతూ స్థిరంగా నిలిచే ఉపగ్రహం అది, కాబట్టి కెమెరాలు కక్ష్యలో కొంత భాగంలోనే భూమి వైపు తిరిగేవి, మిగతా సమయం శూన్యంలోకి చూస్తూ గడిపేవి. అది 78 రోజులే పనిచేసింది. అయినా సుమారు 23 వేల చిత్రాలు పంపింది. తుపానుకు ఒక కన్ను, దాని చుట్టూ సుడులు తిరిగే మేఘాల పట్టీలు ఉంటాయని విమానాల్లోంచి, రాడార్ల తెరల మీద ముక్కలు ముక్కలుగా చూసినవారికి ఆ ఆకారం మొత్తం ఒక్క చట్రంలో కనిపించింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో టైరోస్-3 అట్లాంటిక్ మహాసముద్రంలో ఎస్తర్ అనే హరికేన్‌ను ఓడలూ విమానాలూ గమనించక ముందే పసిగట్టింది. ఉపగ్రహం వల్ల ముందుగా బయటపడిన తొలి పెద్ద తుపాను అదే.

మబ్బులు కనిపిస్తాయని తేలింది. ఇక ఎక్కడ నిలబడి చూడాలన్నది తేల్చుకోవాల్సి వచ్చింది.

దీనికి రెండు సమాధానాలు దొరికాయి. రెండూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి, ఒకటి ఇంకొకదాని స్థానాన్ని భర్తీ చేయలేదు. మొదటిది ధ్రువాల మీదుగా, 800 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఎత్తులో తిరిగే కక్ష్య. అక్కడ ఉపగ్రహం సెకనుకు దాదాపు 7.4 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ సుమారు 101 నిమిషాల్లో ఒక చుట్టు పూర్తి చేస్తుంది. రోజుకు 14 చుట్లు. అది తిరుగుతూ ఉండగా కింద భూమి కూడా తిరుగుతుంది కాబట్టి పట్టీ పక్కన పట్టీగా భూగోళమంతా దాని చూపు కిందికి వస్తుంది.

ఈ కక్ష్యలో ఒక చక్కని ఉపాయం దాగి ఉంది. భూమి పూర్తి గోళం కాదు, నడిమి భాగంలో కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు ఆకర్షణ వల్ల కక్ష్యాతలం మెల్లగా పక్కకు తిరుగుతుంది. ఎత్తునూ, భూమధ్యరేఖతో కక్ష్య చేసే కోణమైన వంపునూ సరిగ్గా ఎంచుకుంటే, అంటే వంపు 98 నుంచి 99 డిగ్రీల మధ్య ఉండేలా చూస్తే, ఆ తిరుగుడు రోజుకు 0.9856 డిగ్రీలు అవుతుంది. భూమి సూర్యుడి చుట్టూ రోజుకు జరిగే కోణం సగటున సరిగ్గా అంతే. ఫలితంగా ఉపగ్రహం ఏ ప్రదేశం మీదికి వెళ్లినా అక్కడ స్థానిక సమయం దాదాపు ఒకటే ఉంటుంది. ఐరోపా మెటాప్ ఉపగ్రహాలు ఉదయం తొమ్మిదిన్నర వేళను ఎంచుకున్నాయి. అమెరికా జేపీఎస్‌ఎస్ ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒకటిన్నరకు వస్తాయి. చైనా 2021 జులైలో పంపిన ఫెంగ్యున్-3ఈ తెల్లవారుజాము, సాయంసంధ్య వేళలను పట్టుకుంది. ఒక దేశం పొద్దున చూస్తే ఇంకొకటి మధ్యాహ్నం, వేరొకటి సంధ్యవేళ చూస్తుంది. ఆ కొలతలన్నీ వాతావరణాన్ని అంచనా వేసే అందరి కంప్యూటర్ నమూనాల్లోకీ వెళ్తాయి. అంతర్జాతీయ సహకారం నిజంగా సాగుతున్న కొద్ది చోట్లలో ఇది ఒకటి.

దీన్నే సూర్యానువర్తన ధ్రువ కక్ష్య అంటారు. ఈ సౌకర్యానికి ప్రయోగ సమయంలో మూల్యం చెల్లించాలి. వంపు 90 డిగ్రీలు దాటింది కాబట్టి రాకెట్ భూభ్రమణానికి కొద్దిగా ఎదురు వెళ్లాలి. భూమధ్యరేఖ దగ్గర సెకనుకు 465 మీటర్ల చొప్పున భూమి ఉచితంగా ఇచ్చే వేగం ఇక్కడ అక్కరకు రాదు. పైగా ఉదయం తొమ్మిదిన్నర కక్ష్య కావాలంటే ఆ కక్ష్యాతలం ప్రయోగ కేంద్రం మీదుగా సాగే క్షణంలోనే రాకెట్ లేవాలి. ఆలస్యమైతే ఆ మేరకు మొత్తం కక్ష్య వేరే వేళలోకి జారిపోతుంది. తెచ్చుకున్న ఇంధనంతో దాన్ని వెనక్కి లాగడం సాధ్యమయ్యే పని కాదు. అందుకే ధ్రువ కక్ష్య ప్రయోగాల్లో గడియారానికి అంత ప్రాధాన్యం.

జనంలో పేరున్నవి ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహాలు. టీవీ వార్తల్లో కదిలే మబ్బుల బొమ్మలు వాటివే. రేపటి కాదు, నాలుగైదు రోజుల తర్వాతి వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలకు మాత్రం ధ్రువ ఉపగ్రహాలే ఎక్కువ ఆహారం అందిస్తాయి. మబ్బుల్లోంచి చొచ్చుకుని చూసి గాలి పొరల వేడినీ తేమనూ కొలిచే మైక్రోవేవ్ సౌండర్లు వాటిలోనే ఉన్నాయి. మైక్రోవేవ్ తరంగదైర్ఘ్యం పెద్దది. భూస్థిర ఉపగ్రహాలుండే 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి స్పష్టంగా చూడాలంటే మోయలేనంత పెద్ద యాంటెన్నా కావాలి. దగ్గర నుంచే చూడక తప్పదు. పేరు రాకపోయినా పని ఎక్కువ చేసేవి ఇవేనని చెప్పడం న్యాయం.

రెండో సమాధానం భూస్థిర కక్ష్య. భూమధ్యరేఖకు నిట్టనిలువుగా 35,786 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకు 3.07 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఉపగ్రహానికి ఒక చుట్టుకు 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే సమయమూ అదే. కింది నుంచి చూసేవారికి అది ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది. 1966 డిసెంబరులో వెళ్లిన అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-1లో వాతావరణ శాస్త్రవేత్త వెర్నర్ సువోమి రూపొందించిన కెమెరా ఈ స్థానం విలువేమిటో చూపించింది. ఉపగ్రహం బొంగరంలా తిరగడాన్నే అది వాడుకుంది. ఒక్కో తిరుగుడుకు ఒక్కో గీత చొప్పున భూమిని గీసుకుంటూ పోయింది. ఒక పూర్తి చిత్రానికి ఇరవై నిమిషాలకు పైగా పట్టేది. కానీ ఆ చిత్రాలను వరుసగా పేరిస్తే మబ్బులు కదిలాయి. మబ్బు కదలికను కొలిస్తే ఆ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంగా వీస్తోందో తెలుస్తుంది. బెలూన్లు ఎగరేసే దిక్కులేని సముద్రాల మీద గాలిని కొలిచే దారి దొరికింది. జపాన్ 2014లో పంపిన హిమవారి-8 ఈ పనిని పది నిమిషాలకు ఒకసారి చేయడం మొదలుపెట్టింది.

అక్కడికి చేరడమే కష్టం.

రాకెట్ నేరుగా భూస్థిర కక్ష్యకు వెళ్లడం అరుదు. సాధారణంగా అది ఉపగ్రహాన్ని కోడిగుడ్డులా సాగిన బదిలీ కక్ష్యలో వదులుతుంది. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్14 చేసింది ఇదే. 51.7 మీటర్ల పొడవు, 420 టన్నుల బరువున్న ఆ రాకెట్ మోసింది 2,274 కిలోల భారత వాతావరణ ఉపగ్రహం ఇన్సాట్-3డీఎస్‌ను. అంటే లేచిన బరువులో దాదాపు అర శాతం. మిగతాదంతా దారిలో కాలిపోయేదీ, రాలిపోయేదీ.

జీఎస్‌ఎల్‌వీ లేచే క్షణంలో ఒక చిన్న వివరం చాలామంది కళ్లకు చిక్కదు. మధ్యలోని ఘన ఇంధన దశ కంటే ముందే, సుమారు అయిదు సెకన్ల ముందు, చుట్టూ కట్టి ఉన్న నాలుగు ద్రవ ఇంధన స్ట్రాపాన్లు, అంటే పక్క రాకెట్లు, మండుతాయి. నాలుగింటి ఒత్తిడీ సరిగా పెరిగిందని కంప్యూటర్ నిర్ధారించుకున్నాకే ఘన ఇంధనానికి నిప్పు పెడుతుంది. ద్రవ ఇంజిన్‌ను ఆపవచ్చు. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. 2001 మార్చి 28న జీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయత్నంలో ఒక స్ట్రాపాన్ తగినంత బలం చూపకపోవడంతో కంప్యూటర్ చివరి క్షణంలో ప్రయోగాన్ని ఆపింది. రాకెట్ వేదిక మీదే క్షేమంగా నిలిచి, ఏప్రిల్ 18న లేచింది. ఆ అయిదు సెకన్ల విలువ అంత.

రాకెట్ వదిలిన ఇలాంటి కక్ష్యలో భూమికి దగ్గరి బిందువు సుమారు 170 కిలోమీటర్లు, దూరపు బిందువు 36 వేల కిలోమీటర్ల పైమాట. దగ్గర ఉన్నప్పుడు వేగం సెకనుకు 10 కిలోమీటర్లు దాటుతుంది. పైకి ఎక్కే కొద్దీ అలసినట్టు తగ్గి, శిఖరం దగ్గర 1.6 కిలోమీటర్లే మిగులుతుంది. అక్కడ నిలవాలంటే 3.07 కావాలి. ఆ లోటును ఉపగ్రహం తన సొంత ఇంజిన్‌తో పూడ్చుకోవాలి. దానితో పాటు కక్ష్య వంపును కూడా సున్నాకు తేవాలి. ఈ రెండు పనులూ శిఖరం దగ్గరే చేస్తారు. వేగంగా పోయే బండిని మలపడం కష్టం, నెమ్మదించిన బండిని మలపడం తేలిక. కక్ష్యల్లోనూ నియమం అదే.

ప్రయోగ కేంద్రం ఎక్కడుందన్నది ఇక్కడే లెక్కకు వస్తుంది. కేప్ కెనావెరల్ 28.5 డిగ్రీల అక్షాంశంలో ఉంది. ఫ్రెంచ్ గయానాలోని కూరూ 5.2 డిగ్రీల్లో ఉంది. మామూలు బదిలీ కక్ష్య నుంచి చూస్తే మొదటి చోటు నుంచి వెళ్లినదానికి శిఖరం దగ్గర సెకనుకు సుమారు 1.8 కిలోమీటర్ల మార్పు అవసరం, రెండో చోటు నుంచి అయితే 1.5 చాలు. తేడా స్వల్పంగా కనిపిస్తుంది. ఇంధనంలోకి మార్చి చూస్తే మొదటిదానికి ఉపగ్రహం బరువులో 44 శాతం దాకా, రెండోదానికి 38 శాతం దాకా కాల్చాలి. గోస్-16 లేచినప్పుడు 5,192 కిలోలు. ఇంధనం తీసేస్తే 2,857 కిలోలే. అంటే రాకెట్ మోసినదాంట్లో సగానికి దగ్గరగా ఉన్నది మరో ప్రయాణానికి కావలసిన ఇంధనమే.

ఉపగ్రహపు ఇంజిన్ ఎంత చిన్నదో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఇన్సాట్-3డీ తరహా ఉపగ్రహాల్లో వాడే ద్రవ ఇంజిన్ బలం 440 న్యూటన్లు. భూమ్మీద 45 కిలోల బరువును ఎత్తి పట్టుకోగలిగేంత. రెండు టన్నులకు పైబడిన ఉపగ్రహాన్ని అది నిదానంగా తోస్తుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగం పెంచడానికే రెండు నిమిషాలకు పైగా పడుతుంది. మొత్తం లోటు పూడాలంటే దాదాపు రెండు గంటలు మండాలి. అంతసేపు ఒకేసారి మండిస్తే ఉపగ్రహం శిఖరం దాటి కిందికి జారిపోతుంది, శక్తి వృథా అవుతుంది. అందుకే మూడు, నాలుగు విడతలుగా, కొన్ని రోజుల వ్యవధిలో మండిస్తారు. ప్రతి విడత తర్వాత భూకేంద్రాలు కక్ష్యను కొలుస్తాయి, తర్వాతి విడతను ఆ కొలతను బట్టి సరిచేస్తాయి.

మండించే ముందు ఇంకో తంతు ఉంది. భారం తెలియని స్థితిలో ట్యాంకులోని ఇంధనం అడుగున కూర్చోదు, గోడలకు అంటుకుని, ఉండలు ఉండలుగా తేలుతుంది. ఇంజిన్ గొట్టంలోకి ఇంధనానికి బదులు వాయు బుడగ వెళ్తే ముప్పే. అందుకని ముందు థ్రస్టర్లనే చిన్న ఇంజిన్లను కాసేపు మండిస్తారు. ఆ చిన్న తోపుకు ఇంధనం వెనక్కి జరిగి అడుగుకు చేరుతుంది. అప్పుడు పెద్ద ఇంజిన్‌ను తెరుస్తారు. చివరి విడత కూడా ఉపగ్రహాన్ని సరిగ్గా దాని చోట నిలపదు. కావాలనే కొంచెం తేడా ఉంచి, కేటాయించిన రేఖాంశం వైపు రోజుకు కొద్ది డిగ్రీల చొప్పున జరిగేలా వదులుతారు. ఆ చోటు రాగానే చిన్న థ్రస్టర్లతో ఆపుతారు.

ఇంత జరిగినా గ్రాహకం ఇంకా చల్లబడలేదు. దాన్ని కావాలనే ఆపి ఉంచుతారు.

కారణం ఆవిరి. ఉపగ్రహం ఎంత శుభ్రమైన గదిలో తయారైనా దాని జిగురుల్లో, తీగల పైపూతల్లో, దుప్పట్లలా చుట్టిన పలుచని పొరల్లో తేమా ఇతర వాయువులూ చిక్కుకుని ఉంటాయి. శూన్యంలోకి వెళ్లగానే అవి మెల్లగా బయటికి వస్తాయి. అప్పుడే గ్రాహకాన్ని చల్లబరిస్తే ఆ ఆవిరి అంతా వెళ్లి అత్యంత చల్లని చోటు మీద, అంటే సరిగ్గా ఆ గ్రాహకం, దాని కటకాల మీద మంచుగా పేరుకుంటుంది. కంటికి కనిపించనంత పలుచని మంచు పొర చాలు, పరారుణ సంకేతాన్ని మింగేయడానికి. అందుకే పరికరం మూత మూసి ఉంచి, హీటర్లతో వెచ్చబరచి, రోజులూ వారాలూ ఆగుతారు. ఇంజిన్ పొగ తగలకుండా, కక్ష్య మారే దశల్లో నేరుగా ఎండ పడకుండా కూడా ఆ మూతే కాపాడుతుంది. అంతా ఆరిపోయాక మూత తెరుచుకుంటుంది, చల్లబరచడం మొదలవుతుంది. గోస్-16 తొలి చిత్రానికి ముందు గడిచిన రోజుల్లో ఈ ఎదురుచూపు కూడా ఉంది. ఇన్సాట్-3డీఎస్ తొలి చిత్రాలు 2024 మార్చి 7న అందాయి, ప్రయోగం జరిగిన 19 రోజులకు.

చల్లబరిచే పద్ధతి ఉపగ్రహం ఆకారాన్నే మార్చేస్తుంది. ఇన్సాట్-3డీ తరహా ఉపగ్రహాల్లో మీట నొక్కితే చల్లబరిచే యంత్రం లేదు. ఒక పళ్లెం లాంటి ఫలకాన్ని ఎండ పడని దిక్కున గాఢ శూన్యంలోకి తెరిచి పెడతారు. వేడి దానంతట అదే అటు వెళ్లిపోతుంది. అయితే ఆ వైపు సౌరఫలకం ఉంటే దాని వేడి ఈ పళ్లెం మీద పడుతుంది. కాబట్టి సౌరఫలకాన్ని ఒకవైపే పెడతారు, రెండో వైపు ఖాళీగా వదిలేస్తారు. సమాచార ఉపగ్రహాలకు రెండు వైపులా రెక్కలుంటే వాతావరణ ఉపగ్రహం ఒంటిరెక్క పక్షిలా కనిపించేది ఇందుకే.

ఒంటిరెక్కతో ఇంకో చిక్కు. సూర్యకాంతికి కూడా తోపు ఉంటుంది. చదరపు మీటరు మీద పడేది గ్రాములో వెయ్యో వంతు బరువును మించదు. కానీ రాత్రీ పగలూ ఒకే పక్కన తోస్తూ ఉంటే ఉపగ్రహం మెల్లగా మెలితిరుగుతుంది. ఇన్సాట్-2 తరం, అమెరికా గోస్-8 తరం ఉపగ్రహాల్లో దీనికి విరుగుడుగా రెండో వైపు పొడవాటి కాడ చివర ఒక చిన్న తెరచాప పెట్టారు. అటు రెక్క మీద పడే తోపును ఇటు తెరచాప తూచేది. ఎంత దూరం ఆలోచించి చేశారో చూడండి: గోరంత గ్రాహకానికి చలి కావాలి, చలి కోసం రెక్క ఒకవైపే ఉండాలి, ఆ ఒంటిరెక్కను తూచడానికి అంతరిక్షంలో ఒక తెరచాప విప్పుకోవాలి. ప్రయోగం తర్వాత ఆ తెరచాప విచ్చుకోకపోతే? 1982 ఏప్రిల్‌లో వెళ్లిన ఇన్సాట్-1ఏలో సరిగ్గా అదే జరిగింది. తెరచాప తెరుచుకోలేదు. ఉపగ్రహాన్ని నిలకడగా ఉంచడానికి ఇంధనం అదనంగా ఖర్చవుతూ పోయి, ఆ ఏడాది సెప్టెంబరుకల్లా దాన్ని వదులుకోవలసి వచ్చింది. రాకెట్ తన పని తాను చేసింది. అయినా ఉపగ్రహం దక్కలేదు.

గోస్-17 కథ దీనికి తోబుట్టువు. 2018 మార్చి 1న ప్రయోగం చక్కగా సాగింది. తీరా చల్లబరచబోతే వేడిని బయటికి మోయాల్సిన గొట్టాల వ్యవస్థ సరిగా పనిచేయలేదు. లోపల ఏదో మలినం అడ్డుపడి ఉంటుందని విచారణలో తేల్చారు. దాంతో ఏడాదిలో కొన్ని కాలాల్లో, రాత్రివేళ కొన్ని గంటల పాటు, పరికరం వేడెక్కి కొన్ని పరారుణ చానళ్లు పనికిరాకుండా పోయేవి. ఇంజినీర్లు ఎంతో తెలివిగా చాలా నష్టాన్ని తగ్గించగలిగారు గానీ, 2023 జనవరిలో దాని స్థానాన్ని గోస్-18కు అప్పగించక తప్పలేదు.

చలి కుదిరాక నిలకడ. భూస్థిర కక్ష్య నుంచి భూమి 17 డిగ్రీల కోణంలో కనిపిస్తుంది. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే వచ్చే ఒక్క ఆర్క్ సెకను మేర చూపు చెదిరితే నేల మీద 170 మీటర్లు తప్పుతుంది. నక్షత్రాలను చూసి దిక్కు సరిచేసుకుంటూ, తీరరేఖలను మ్యాపుతో పోల్చుకుంటూ నెలల తరబడి ఈ గురిని దిద్దుతారు. పరికరం లోపల ఉష్ణోగ్రత తెలిసిన ఒక నల్లని ఫలకాన్ని, ఆ వెంటనే ఖాళీ శూన్యాన్ని మార్చి మార్చి చూపించి కొలతలను సరిచేస్తారు. అప్పటికే పనిచేస్తున్న ఉపగ్రహాల కొలతలతో పోలుస్తారు. అర డిగ్రీ తప్పు చెప్పే ఉష్ణమాపకం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. హిమవారి-8 అక్టోబరులో వెళ్లి మరుసటి జులైలో గానీ విధుల్లో చేరకపోవడానికి ఇదే కారణం.

ఇక నేల మీదికి వస్తే, ప్రయోగానికి ముందు జరిగే పనుల్లో పొరపాటుకు చోటు చాలా ఎక్కువ. 1968 మే 18న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి నింబస్-బి అనే వాతావరణ ఉపగ్రహం లేచింది. రాకెట్ మలుపును పసిగట్టే జైరోను 90 డిగ్రీల తేడాతో బిగించారు. రాకెట్ దారి తప్పింది, రెండు నిమిషాల్లో పేల్చేయాల్సి వచ్చింది. అందులోని అణు విద్యుత్ పేటికలను నెలల తర్వాత సముద్రగర్భం నుంచి వెలికితీసి, ఆ ఇంధనాన్ని తర్వాత మళ్లీ వాడుకున్నారు. 2003 సెప్టెంబరు 6న తయారీ శాలలో మరో ఉపగ్రహాన్ని నిలువు నుంచి అడ్డంగా తిప్పుతుండగా అది జారి నేల మీద పడింది. దాన్ని బండికి పట్టి ఉంచాల్సిన 24 బోల్టులను వేరే పని కోసం అంతకుముందే తీసేశారు. తిప్పేవారు వాటిని సరిచూసుకోలేదు. మరమ్మతుకు 13.5 కోట్ల డాలర్లు ఖర్చయింది. అదే నోవా-19గా 2009 ఫిబ్రవరిలో కక్ష్యకు చేరి పదిహేనేళ్లకు పైగా పనిచేసింది.

వాతావరణాన్ని చూసే ఉపగ్రహం కూడా వాతావరణం అనుమతిస్తేనే లేస్తుంది. 1987 మార్చిలో కేప్ కెనావెరల్ నుంచి మబ్బుల్లోకి లేచిన ఒక అట్లాస్-సెంటార్ రాకెట్ మీద పిడుగు పడింది. కంప్యూటర్ జ్ఞాపకంలో ఒక అంకె మారిపోయి, రాకెట్ ఒక్కసారిగా మళ్లి ముక్కలైంది. పిడుగు వచ్చి పడటమే కాదు, రాకెట్టూ దాని వెనుక సాగే వేడి వాయువుల తోకా కలిసి ఒక పొడవాటి తీగలా మారి, ప్రశాంతంగా ఉన్న మబ్బులోంచి కూడా పిడుగును రప్పించగలవు. అందుకే అక్కడ సుమారు 18 కిలోమీటర్ల పరిధిలో మెరుపు మెరిస్తే ముప్పై నిమిషాలు ఆగాలన్న నియమం ఉంది. పైగాలుల కోసం బెలూన్లు ఎగరేసి, ఆ కొలతలను బట్టి రాకెట్‌ను నడిపే ఆదేశాలను సరిచేస్తారు.

ఒక్క ప్రయోగం విఫలమైతే నష్టం ఉపగ్రహం ఖరీదుతో ఆగదు. 1999 నవంబరు 15న జపాన్ హెచ్-2 రాకెట్ ఇంజిన్ మధ్యలో ఆగిపోయి ఎంటీశాట్-1 ఉపగ్రహం సముద్రం పాలైంది. ఇంజిన్‌ను దాదాపు 2,900 మీటర్ల లోతు నుంచి పైకి తీసి పరిశీలిస్తే హైడ్రోజన్ పంపులోని రెక్క విరిగినట్టు తెలిసింది. అప్పటికి జపాన్ దగ్గర పనిచేస్తున్న వాతావరణ ఉపగ్రహం జీఎంఎస్-5 ఆయుష్షు తీరే దశలో ఉంది. అది క్షీణించడంతో 2003లో అమెరికా తన పాత గోస్-9 ఉపగ్రహాన్ని పశ్చిమ పసిఫిక్ మీదికి జరిపి అప్పుగా ఇచ్చింది. 2005 ఫిబ్రవరిలో కొత్త ఉపగ్రహం వెళ్లేదాకా, తైఫూన్లు పుట్టే ఆ సముద్రాన్ని అరువు తెచ్చుకున్న కన్నే చూసింది. కక్ష్యలో ఒక అదనపు ఉపగ్రహాన్ని నిద్రలో ఉంచడం దుబారా అనేవారికి ఈ రెండేళ్లే జవాబు.

కక్ష్యలో కుదురుకున్నాక కూడా ఉపగ్రహం ఊరికే నిలవదు. సూర్యచంద్రుల ఆకర్షణ దాని వంపును పెంచుతూ ఉంటుంది. దాన్ని సరిచేయడానికి ఏటా సెకనుకు సుమారు 50 మీటర్ల వేగానికి సరిపడా ఇంధనం ఖర్చవుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల చుట్టూ ఆరేడు వారాల పాటు ప్రతి రాత్రీ అది భూమి నీడలోకి వెళ్తుంది. గరిష్ఠంగా 72 నిమిషాలు బ్యాటరీల మీదే బతకాలి. ఆ వేళల్లో తుపాను తీరం దాటుతూ ఉండవచ్చు.

రాకెట్ ఎంత కచ్చితంగా వదిలిందన్నది చివరి సంవత్సరాల్లో తేలుతుంది. కక్ష్యను సరిదిద్దడానికి తక్కువ ఖర్చయితే మిగిలిన ప్రతి కిలో ఇంధనమూ ఆయుష్షులో కలుస్తుంది. ఏడేళ్లకని 2002 సెప్టెంబరులో పంపిన భారత ఉపగ్రహం కల్పన-1 పదిహేనేళ్లు కక్ష్యలో సేవలందించింది. ఐరోపా మెటియోశాట్-7 ఇరవై ఏళ్లకు దగ్గరగా నిలిచింది. 1997 సెప్టెంబరులో వెళ్లిన అది తన చివరి దశాబ్దాన్ని హిందూ మహాసముద్రం మీద గడిపి, 2017 మార్చి చివర ఆఖరి చిత్రం పంపింది. అటుపైన కొద్ది రోజుల్లో, ఈ పని కోసమే అట్టిపెట్టిన ఇంధనంతో దాన్ని మిగతా ఉపగ్రహాలకు అడ్డురానంత ఎత్తుకు చేర్చారు. ట్యాంకులు ఖాళీ చేశారు. రేడియో ఆపేశారు.